పేర్లు రాసే నాయకుడా? పూటపడే నాయకుడా?



జూన్ మాసంలో బడులు తెరిచిన కొద్దిరోజులకే మన క్రైస్తవ పాఠశాలల్లో ఒక ముచ్చటైన కార్యక్రమం జరుగుతుంది. క్లాస్ లీడర్లను, హౌస్ కెప్టెన్లను, స్కూల్ లీడరును ఎన్నుకుంటారు. అసెంబ్లీలో నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు. చొక్కాకు బ్యాడ్జి పెడతారు. సంఘ కాపరిని పిలిచి ప్రార్థన కూడా చేయిస్తారు. తల్లిదండ్రులు సంతోషిస్తారు. సంతోషించవలసినదే.

అయితే ఆ బ్యాడ్జి పెట్టుకున్న ఆరో తరగతి బిడ్డకు మరునాడు మనం అప్పగించే మొదటి పని ఏమిటి? "నేను స్టాఫ్ రూముకు వెళ్ళొస్తాను, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయి." ఇదే కదా! పదకొండేళ్ళ బిడ్డ చేతిలో సుద్దముక్క ఉంటుంది. ఎదురుగా నలభైమంది స్నేహితులు ఉంటారు. పేరు రాస్తే స్నేహితుడు దూరమవుతాడు, రాయకపోతే టీచరుగారు కోపగించుకుంటారు. నాయకత్వమంటే ఇదేనని ఆ బిడ్డ నేర్చుకుంటాడు.

ఆదికాండములో ఇద్దరు అన్నదమ్ములను చూస్తాము. 37వ అధ్యాయంలో యోసేపు పదిహేడేళ్ళవాడు. అన్నల చెడుతనాన్ని గూర్చిన సమాచారం తండ్రికి తెచ్చి చెప్పేవాడు. యోసేపు అబద్ధం చెప్పాడని వాక్యం అనదు. కాని తండ్రి పక్షపాతమూ, ఆ విచిత్రమైన నిలువుటంగీ, ఈ చాడీల మాటా కలిసి ఆ ఇంట్లో ద్వేషాన్నే పెంచాయి. మరి 43, 44 అధ్యాయాలకు వెళ్ళండి. అక్కడ యూదా తన తమ్ముడైన బెన్యామీను కొరకు పూటపడ్డాడు. చిన్నవాడు చిక్కులో పడినప్పుడు ముందుకు వచ్చి, వానికి బదులుగా నన్ను దాసునిగా ఉంచుకొమ్మని అడిగాడు. ఒకరిది పేర్లు చెప్పే పని, మరొకరిది పూటపడే పని. మన పాఠశాలలు మన పిల్లలకు ఏది నేర్పుతున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల చరిత్ర ఒకటి ఉన్నది. అది మన మద్రాసులోనే మొదలవుతుంది గనుక ఈ దినము దానిని మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను.

మద్రాసులో ఇసుక మీద దిద్దిన అక్షరాలు

ఆండ్రూ బెల్ అనే ఆయన 1753లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఒక మంగలివాని ఇంట పుట్టాడు. చదువుకొని ఇంగ్లండు సంఘములో గురువుగా అభిషేకం పొంది, 1787లో మద్రాసుకు వచ్చాడు. 1789లో ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కొరకు ఒక ఆశ్రమం తెరిచినప్పుడు దాని పర్యవేక్షణను జీతం తీసుకోకుండా చేపట్టాడు. ఆ పిల్లల తండ్రులు యూరోపియన్ సైనికులు. తల్లులు ఎక్కువమంది ఈ దేశపు స్త్రీలు. తండ్రి చనిపోయినవారు, తల్లికి దూరమైనవారు, ఎటూ చెందనివారిగా లోకం చూసిన పసివారు.

ఆ ఆశ్రమంలో ఉపాధ్యాయులు ఉన్నారు గాని వారికి మనసు లేదు. చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పడానికే నెలలు గడిచిపోతుండేవి. అటువంటి రోజుల్లో బెల్ ఒక తమిళ వీధి బడి ముందుగా వెళుతూ పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. మనకు ఇది కొత్త కాదు. మన తాతముత్తాతలందరూ ఓనమాలు అలా దిద్దినవారే. కాని ఆయనకు అది దేవుడు చూపిన దారిలా కనబడింది. తన ఉపాధ్యాయులను అలా నేర్పమన్నాడు. వారు అది జరిగే పని కాదన్నారు.

అప్పుడు బెల్ పెద్దవారిని విడిచి ఒక పిల్లవాణ్ణి పిలిచాడు. పేరు జాన్ ఫ్రిస్కెన్. సామాన్య సైనికుని కొడుకు. వయసు ఎనిమిదేళ్ళు. అందరికంటే చిన్నపిల్లల తరగతిని వానికి అప్పగించి, ఇసుకలో అక్షరాలు నేర్పమన్నాడు. పెద్దవారు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపించాడు. ఆ తరువాత బెల్ ఒక్కొక్క తరగతినీ ఇదే విధంగా పిల్లల చేతికే అప్పగిస్తూ వచ్చాడు. ఒక్కొక్క తరగతిలో పిల్లలను జతలుగా కూర్చోబెట్టాడు. పాఠం బాగా వచ్చినవాడు రానివాని ప్రక్కన కూర్చుని వానికి నేర్పాలి. జతగాడు నేర్చుకుంటేనే వీని పని పూర్తయినట్లు.

ఇక క్రమశిక్షణ సంగతి. ఆ కాలంలో బడి అంటే బెత్తమే. బెల్ తప్పులను ఒక పుస్తకంలో రాయించి, వారానికొకసారి పిల్లలందరి ఎదుట చదివించి, బాలురతోనే ఏర్పడిన జ్యూరీ చేత తీర్పు చెప్పించేవాడు. నెలల తరబడి ఒక్క శిక్ష కూడా అవసరం రాలేదని ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. ఇక్కడ కూడా పేర్లు రాయడం ఉన్నది, నిజమే. కాని తేడా గమనించండి. రాసిన పేరు వెంటనే బెత్తం దగ్గరకు వెళ్ళలేదు. అందరి ఎదుట విచారణకు వెళ్ళింది, ఒక్క బాలుని ఇష్టానికి వదలలేదు.

ఆ ఆశ్రమంలో చదివిన విలియం స్మిత్ అనే యువకుని గూర్చి ఒక సంగతి ఉన్నది. టిప్పు సుల్తాను కుమారులను కంపెనీవారు జామీనుగా తీసుకువెళ్ళి, 1794లో తిరిగి అప్పగించారు. ఆ బృందంతో స్మిత్ వెళ్ళాడు. సుల్తాను ఎదుట విజ్ఞానశాస్త్ర ప్రయోగాలు చేసి చూపించాడు. ఎవరికీ అక్కరలేని సైనికుని బిడ్డ రాజు ఎదుట నిలిచి శాస్త్రం వివరించాడు! బిడ్డను నమ్మి బాధ్యత అప్పగిస్తే ఏమి జరుగుతుందో దీనిని బట్టి గ్రహించండి.

బెల్ 1796లో ఇంగ్లండుకు వెళ్ళిపోయి, 1797లో మద్రాసు అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. ఆ విధానానికి "మద్రాసు పద్ధతి" అని పేరు వచ్చింది. ఆయన ఇచ్చిపోయిన ధనముతో సెయింట్ ఆండ్రూస్‌లో స్థాపించిన ఉన్నత పాఠశాలను నేటికీ "మద్రాస్ కాలేజీ" అనే పిలుస్తారు.

మన వీధి బడి సాక్ష్యము

ఇదంతా దొరలు కనిపెట్టిందని అనుకోవద్దు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో అన్ని జిల్లాల బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ తన నివేదిక పంపాడు. ఈయన తెలుగు వ్యాకరణం రాసినవాడు, మన భాష ఎరిగినవాడు. నేటి అనంతపురం ప్రాంతం ఆ రోజుల్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 బడులుండగా వాటిలో 226 తెలుగు బడులు. 533 బడులకూ కలిపి విద్యార్థులు 6,641 మంది మాత్రమే.

కాంప్‌బెల్ రెండు సంగతులు రాశాడు. మొదటిది, పై తరగతి పిల్లలు క్రింది తరగతి పిల్లలకు నేర్పే పద్ధతి. దీనిని మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించడం తగినదేనని ఒప్పుకున్నాడు. రెండవది, శిక్షల పద్ధతి. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక చిన్న దెబ్బ. నాలుగవవానికి రెండు. అలా వెనుక వచ్చినకొద్దీ ఒక్కొక్కటి పెరుగుతుంది. బద్ధకస్తుణ్ణి చేతులు కట్టి దూలానికి వేలాడదీస్తారు. లేదా ఆపకుండా కూర్చోబెట్టి లేపుతారు. మన పెద్దలు చెప్పే కోదండమూ, గుంజీలూ ఇవే.

అంటే ఒకే అరుగు మీద రెండూ ఉన్నాయి. పెద్దపిల్లవాడు చిన్నవాని వేలు పట్టుకొని ఇసుకలో దిద్దించే ప్రేమ ఉన్నది. చిన్నవాణ్ణి దూలానికి ఎక్కించే భయమూ ఉన్నది. బెల్ మన అరుగు మీదనుండి మొదటిదాన్ని తీసుకొని రెండవదాన్ని చాలావరకు విడిచిపెట్టాడు. అదే ఆయన చేసిన మేలు.

దేవుని బిడ్డలారా, నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో తన అల్లుడైన మోషేకు చెప్పిన ఆలోచన మీకు తెలుసు. ఉదయం మొదలు సాయంత్రం వరకు ఒక్కడే తీర్పు తీరుస్తూ ఉంటే నీవూ నలుగుతావు, ప్రజలూ నలుగుతారు. గనుక వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించమన్నాడు. అయితే ఎవరిని? దేవుని భయము గలవారిని, సత్యవంతులను, లంచం అసహ్యించుకొనేవారిని. యిత్రో సంఖ్యలు మాత్రమే చెప్పలేదు, గుణాలు కూడా చెప్పాడు. సంఖ్యలను తీసుకొని గుణాలను మరచిపోతే ఏమవుతుందో తరువాతి చరిత్ర చూపిస్తుంది.

లండనులో వెయ్యిమంది, ఒక్క ఉపాధ్యాయుడు

జోసెఫ్ లాంకాస్టర్ 1778లో లండనులో పుట్టాడు. క్వేకర్ సంఘస్థుడు, పేదల మీద నిజమైన భారం గలవాడు. ఇరవై ఏళ్ళ వయసులోనే, 1798లో, పేద పిల్లలకు బడి పెట్టాడు. డబ్బు ఇవ్వలేనివారికి ఉచితమే. పిల్లలు తండోపతండాలుగా వచ్చారు, ఉపాధ్యాయులను పెట్టుకోవడానికి డబ్బు లేదు. అందుచేత ఆయన కూడా పిల్లల చేతనే పిల్లలకు చదువు చెప్పించాడు. వారిని మానిటర్లు అన్నారు. నేటికీ మన పల్లెల్లో "మానిటరు" అనే మాట వాడుతున్నాము.

సుమారు పదిమందికి ఒక మానిటరు. చదువుకు ఒక మానిటరు, పలకలకు ఒకడు, రానివారిని కనుక్కోవడానికి ఒకడు, ఆ మానిటర్లందరి మీద మరొకడు. ఒక్క ఉపాధ్యాయునితో వెయ్యిమందిని చదివించవచ్చునని లాంకాస్టర్ ప్రకటించాడు. రాజైన మూడవ జార్జి కూడా 1805లో ఆయనను పిలిపించి మెచ్చుకున్నాడు. పేదలకు చదువు అందింది, దానికి దేవునికి స్తోత్రము. ఆ మేలును తక్కువ చేయకూడదు.

కాని వెయ్యిమందిని ఒక్కడు చూడలేడు. ఉపాధ్యాయుని కన్ను చేరని చోట భయం చేరింది. లాంకాస్టర్ బెత్తాన్ని ఇష్టపడలేదు. బెత్తానికి బదులు సిగ్గును వాడాడు. మాట్లాడిన పిల్లవాని మెడలో నాలుగు నుండి ఆరు పౌండ్ల బరువుగల కొయ్యదుంగ వేలాడదీయడం, తప్పు రాసిన అట్ట తగిలించి త్రిప్పడం, గంపలో కూర్చోబెట్టి కప్పుకు ఎత్తి అందరిచేత పంజరంలో పక్షిలా చూపించడం, ఇవన్నీ ఆయన పద్ధతిలో ఉన్నాయి. ఎక్కడి బళ్ళారి, ఎక్కడి లండను! ఇక్కడ దూలానికి వేలాడినవాడూ అక్కడ గంపలో వేలాడినవాడూ ఒకే వయసు పిల్లలు. దెబ్బ లేదు గదా అని లాంకాస్టర్ అనుకున్నాడు. దెబ్బ మానిపోతుంది, అందరి ఎదుట పడిన సిగ్గు పెద్దయిన తరువాత కూడా మానదు.

ఆ మానిటర్ల సంగతి ఆలోచించండి. వారూ పిల్లలే. తాము నేర్చుకోవలసిన వయసులో రోజంతా ఇతరులను కాపలా కాశారు. తమకు తెలిసిన కొద్ది పాఠాన్నే తిరిగి తిరిగి వల్లె వేయించారు. కాలం గడిచేకొద్దీ ఇంగ్లండు ఈ లోపాన్ని గ్రహించింది. 1846లో అక్కడి ప్రభుత్వం కే-షటిల్‌వర్త్ నాయకత్వాన క్రొత్త ఏర్పాటు చేసింది. దాని ప్రకారం బోధనలో సహాయపడేవారికి కనీసం పదమూడేళ్ళు ఉండాలి. అయిదేళ్ళు శిక్షణ పొందాలి. వారికి జీతం ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రధానోపాధ్యాయుడు బడి వేళ కాక వేరే సమయం కేటాయించి వారికి పాఠం చెప్పాలి. అంటే, ఇతరులను నడిపించే బిడ్డను కూడా ఎవరో ఒకరు నడిపించాలని ఇన్ని సంవత్సరాల తరువాత గుర్తించారు.

రగ్బీలో ఒక బలహీనుడు

అదే కాలంలో ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలకు థామస్ ఆర్నాల్డ్ ప్రధానోపాధ్యాయుడుగా ఉన్నాడు. 1828 నుండి 1842లో మరణించేవరకు ఆయన అక్కడే పనిచేశాడు. సంఘ సేవకుడు కూడా గనుక పాఠశాల ప్రార్థనాలయంలో తానే ఆదివారాలు ప్రసంగించేవాడు. పై తరగతి విద్యార్థులను నమ్మి వారికే పాఠశాల మంచిచెడ్డలు అప్పగించాడు. ఇందులో ప్రమాదం లేకపోలేదు. పెద్దపిల్లలకు శిక్షించే అధికారం కూడా ఉండేది. చిన్నవారిని పెద్దవారు సేవకులుగా వాడుకునే ఆచారమూ కొనసాగింది. అధికారం ఇచ్చినంత మాత్రాన క్రూరత్వం పోదు.

ఆయన యొద్ద 1834 నుండి 1842 వరకు చదివిన థామస్ హ్యూస్, పెద్దవాడైన తరువాత ఆ పాఠశాలను గూర్చి ఒక నవల రాశాడు. "టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్" అనే ఆ పుస్తకం 1857లో వెలువడింది. చిన్నపిల్లలను హింసించే ఫ్లాష్‌మన్ అనే పెద్దవాడు అందులో ఉన్నాడు. అయితే మనకు ముఖ్యమైన పాత్ర వేరు. టామ్ అల్లరివాడై, బడినుండి పంపివేయబడే దశకు వచ్చినప్పుడు ఆర్నాల్డ్ అతణ్ణి శిక్షించలేదు. ఆర్థర్ అనే ఒక నీరసమైన క్రొత్త పిల్లవాణ్ణి అతని చేతికి అప్పగించాడు. మొదటి రాత్రి ఆ పిల్లవాడు అందరి మధ్య మోకరించి ప్రార్థన చేస్తుండగా ఎవడో చెప్పు విసిరాడు. టామ్ లేచి ఆ పిల్లవాని పక్షాన నిలబడ్డాడు. మరునాడు టామ్ కూడా మోకరించాడు.

ఇది కథే కావచ్చు. కాని ఆ పాఠశాలలో ఎనిమిదేళ్ళు బ్రదికినవాడు రాసిన కథ. అల్లరివాణ్ణి మార్చింది బ్యాడ్జి కాదు, బెత్తం కాదు, తనకంటే బలహీనుడైన ఒక్క చిన్నవాడు. బెన్యామీనును కాపాడబోయిన యూదా హృదయం మారినట్టే టామ్ హృదయమూ మారింది.

శ్రీనగరులో మూడు భాగాల మార్కులు

ఇంగ్లండు నుండి మళ్ళీ మన దేశానికి వద్దాము. 1890లో సెసిల్ టిండేల్-బిస్కో అనే యువ గురువు చర్చి మిషనరీ సొసైటీ పక్షాన కాశ్మీరులోని శ్రీనగరు మిషను పాఠశాలకు వచ్చాడు. 1947 వరకు ఆ పనిలో ఉండి, 1949లో మరణించాడు. ఆయన వచ్చేసరికి విద్యార్థులు ఎక్కువమంది బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు. పుస్తకం తప్ప చేతిపని ముట్టడం హీనమనుకునేవారు. ఆయన పద్ధతి మొదట్లో చాలా కరకుగా ఉండేది. 1891లో తోలుబంతి ముట్టుకుంటే మైలపడతామన్న పిల్లలను కర్రలతో అదిలించి మరీ ఫుట్‌బాల్ ఆడించాడు. దానిని మనం మెచ్చుకోనవసరం లేదు. పిల్లవాని మనస్సాక్షిని కర్రతో మార్చలేము.

అయితే ఆయన నెమ్మదిగా నిలబెట్టిన రెండు సంగతులు మన పాఠశాలలు తప్పక గమనించాలి. ఒకటి, మార్కులను మూడు భాగాలు చేశాడు. ఒక భాగం బుద్ధికి, ఒక భాగం శరీరానికి, ఒక భాగం ఆత్మకు, అనగా ఇతరుల పట్ల చూపిన దయకు. పరీక్షలో మొదటివాడైనంత మాత్రాన బడిలో మొదటివాడు కాడు. రెండు, పెద్దపిల్లలకు ఇచ్చిన గౌరవం సేవలోనే ఉంచాడు. ఊరిలో అగ్నిప్రమాదమైతే విద్యార్థులు ఆర్పడానికి పరుగెత్తేవారు. వరదలో చిక్కుకున్నవారిని కాపాడేవారు. మిషను ఆసుపత్రిలో కోలుకుంటున్న రోగులను పడవల్లో ఎక్కించి సరస్సు మీద గాలికి త్రిప్పి తెచ్చేవారు. చెరువులు, నదులున్న ఊరు గనుక ప్రతి పిల్లవాడూ ఈత నేర్చుకోవాలి, ఎందుకంటే మునిగిపోయేవాణ్ణి ఒడ్డున నిలబడి చూసేవాడు నాయకుడు కాడు.

చూడండి, ఇక్కడ నాయకత్వమూ పిల్లల క్షేమమూ రెండు వేరు పాఠాలు కావు. ఇతరుల క్షేమమును చూసుకొనుటే నాయకత్వము.

మన పాఠశాలల సంగతి

ప్రియులారా, ఈ నాలుగు ఊళ్ళ చరిత్ర ఒకే మాట చెబుతుంది. బిడ్డ చేతికి పెద్దవాని బెత్తంలో ఒక ముక్కను ఇస్తే వాడూ చెడతాడు, వాని క్రిందివారూ చెడతారు. బిడ్డ చేతికి ఒక చిన్నవాని చేయి ఇస్తే ఇద్దరూ ఎదుగుతారు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసు సున్నితమైన వయసు. శరీరం మారుతుంది, గొంతు మారుతుంది, స్నేహమే ప్రాణమనిపిస్తుంది. ఇల్లు విడిచి హాస్టలుకు వచ్చిన బిడ్డకైతే రాత్రి దుప్పటి క్రింద ఏడుపు తప్ప వేరే తోడు ఉండదు. పరీక్షా ఫలితాల వేళ పత్రికల్లో ఎటువంటి వార్తలు చదువుతున్నామో మీకు తెలుసు. ఆ బాధ ఫలితాల రోజున పుట్టినది కాదు. తన మాట వినేవాడు ఒక్కడూ లేడని ఆ బిడ్డ అనుకున్న రోజునే పుట్టినది. ప్రిన్సిపాలుగారికంటే, వార్డెనుగారికంటే ముందు ఆ సంగతి కనిపెట్టగలిగేది ప్రక్క మంచం మీద పడుకున్న తోటి పిల్లవాడే. గనుక నాయకులను ఏర్పరచే పాఠశాల యాజమాన్యాలకు, ఉపాధ్యాయులకు, సండే స్కూలు టీచర్లకు కూడా కొన్ని మనవులు చేయుచున్నాను.

మొదటిది, లీడరు చేత మాట్లాడినవారి పేర్లు రాయించడం మానండి. రాయవలసినవి వేరే ఉన్నాయి. మూడు రోజులుగా ఎవరు రాలేదు? భోజనం ఎవరు వదిలేస్తున్నారు? ఆటల్లో ఎవరిని చేర్చుకోవడం లేదు? అవి కూడా బోర్డు మీద కాదు, టీచరుగారి చెవిలో.

రెండవది, భారం చిన్నదిగా ఉండనివ్వండి. అరవైమందికి ఒక్క లీడరు కంటే, మద్రాసులో బెల్ చేసినట్టు ప్రతి బిడ్డకూ ఒక జతగాడు ఉండటం మేలు. క్రొత్తగా చేరిన ఆరో తరగతి బిడ్డకు ఎనిమిదో తరగతి అన్నయ్యను గాని అక్కను గాని ఇవ్వండి. అందరిలో మార్కులు వచ్చినవారినే కాక వెనుకబడినవారిని కూడా ఈ పనికి పిలవండి. 2 రాజులు 5వ అధ్యాయంలో నయమాను స్వస్థతకు దారి చూపినది చెరపట్టబడిన ఒక చిన్నపిల్ల గదా!

మూడవది, శిక్షించే అధికారం ఏ బిడ్డ చేతికీ ఇవ్వవద్దు. విద్యాహక్కు చట్టము, 2009లోని 17వ సెక్షను బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఉపాధ్యాయునికే లేని అధికారాన్ని పన్నెండేళ్ళ లీడరుకు ఎలా ఇస్తాము? హాస్టలులో పెద్దవారి బట్టలు చిన్నవారు ఉతకడం, గుంజీలు తీయించడం సరదా అని నవ్వి వదిలేయవద్దు.

నాలుగవది, లీడరుకు కూడా ఒక పెద్దదిక్కు ఉండాలి. వారానికొకసారి, అర్ధగంట చాలు, ఒక ఉపాధ్యాయుడో కాపరియో ఆ పిల్లలతో కూర్చోవాలి. తరగతి ఎలా ఉందని మాత్రమే కాదు, "నాయనా, నువ్వెలా ఉన్నావు?" "అమ్మా, నీకేమైనా కష్టంగా ఉందా?" అని అడగాలి. తోటి బిడ్డ చనిపోవాలని ఉందని చెప్పినప్పుడు ఆ రహస్యాన్ని పన్నెండేళ్ళ లీడరు ఒంటరిగా మోయకూడదు. అది వెంటనే పెద్దవారికి చెప్పడం చాడీ కాదు, పూటపడటమే అని ముందుగానే నేర్పాలి.

మన ప్రభువు తన శిష్యులలో గొప్పవాడెవడన్న వాదం పుట్టినప్పుడు ఏమి చేశాడు? ఒక చిన్నబిడ్డను తీసుకొని వారి మధ్య నిలువబెట్టి, ఎత్తి కౌగిలించుకున్నాడు. మార్కు 9వ అధ్యాయం చదవండి. తరువాతి అధ్యాయంలోనే, అన్యజనుల అధికారులు ప్రజల మీద ప్రభుత్వం చేస్తారు గాని మీలో అలా ఉండకూడదని హెచ్చరించాడు. గొప్పతనాన్ని గూర్చి ఆయన చెప్పిన పాఠానికి ఆ చిన్నబిడ్డే సాక్షి. కడపటికి ఆయన మన పేర్లను నేరాల పట్టికలో రాసి తండ్రికి అప్పగించినవాడు కాడు. యూదా గోత్రములో పుట్టి, మనకు బదులుగా నిలిచి, మన కొరకు పూటపడినవాడు.

వచ్చే జూన్‌లో మీ పాఠశాలలో ఒక బిడ్డకు బ్యాడ్జి పెట్టేటప్పుడు, ఆ ప్రక్కనే తరగతిలో అందరికంటే భయపడే బిడ్డను కూడా నిలబెట్టండి. "ఈ చిన్నవాడు నీ వంతు" అని చెప్పి ఆ ఇద్దరి మీదా చేతులుంచి ప్రార్థించండి. ఆ తరువాత వారం వారం వారిని పలకరించడం మరువకండి.

ప్రేమగల పరలోకపు తండ్రి మన బిడ్డలను, వారిని నడిపించే బిడ్డలను, వారిరువురినీ కాయవలసిన మనలను తన కృపలో కాపాడును గాక. ఆమేన్.